మైనంలో ప్లేగును మలిచాడు.. పారిస్ మెచ్చిన ఏడాదే కన్నుమూశాడు!

అరచేతిలో పట్టే బొమ్మల్లో చావును చూపించిన శిల్పి గాయెటానో జూలియో జుంబో. 1656లో సిసిలీ దీవిలోని సిరాక్యూస్‌లో జన్మించాడు. సరిగ్గా అదే ఏడాది నేపుల్స్‌ను ప్లేగు కబళించింది. ఊళ్లో దాదాపు సగం మంది పోయారు. పెద్దయ్యాక జుంబో ఆ నేపుల్స్‌లోనే పనిచేశాడు.

తర్వాత ఫ్లోరెన్స్ పాలకుడు మూడో కాసిమో డి మెడిచి అతన్ని పిలిపించుకున్నాడు. అతను చేసిందే ‘ప్లేగు’. ఓ పెట్టెలో రంగుల మైనంతో చేసిన బుల్లి మనుషులు. ఇప్పుడే పోయినవాళ్లు పాలిపోయి ఉంటారు. పాత శవాలు ఆకుపచ్చగా, నల్లగా మారి ఉంటాయి. రంగును బట్టే ఎవరు ముందు పోయారో తెలిసిపోతుంది. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుని శవాలు మోసే మనిషి కూడా అందులో ఉన్నాడు.

ఆ తర్వాత జెనోవాలో ఫ్రెంచ్ సర్జన్ గియోమ్ దెనూతో చేతులు కలిపాడు. వైద్యం నేర్చుకునేవాళ్లకు శరీరం లోపలి భాగాలు చూపించే మైనపు బొమ్మలు చేశారు. కానీ ఆ ఘనత ఎవరిదన్న దగ్గర ఇద్దరికీ చెడింది. జుంబో ఒంటరిగా పారిస్ వెళ్లాడు. 1701లో సైన్స్ అకాడమీ ముందు మైనపు తల పెట్టాడు. పండితులు మెచ్చుకున్నారు. అదే ఏడాది, అదే ఊళ్లో చనిపోయాడు. 50 ఏళ్లు కూడా నిండలేదు.

‘ప్లేగు’ మాత్రం ఫ్లోరెన్స్‌లోని లా స్పెకోలా మ్యూజియానికి చేరి, నేటికీ నిలిచే ఉంది.