ఇంట్లో తెలియకుండా పేరు మార్చుకున్న ఛాంపియన్

న్యూయార్క్ లోయర్ ఈస్ట్‌సైడ్‌లో వందేళ్ల కిందట పక్క వీధికి వెళ్లాలన్నా కుర్రాళ్లు పిడికిలి బిగించాల్సిందే. ఐరిష్, ఇటాలియన్, యూదు వలస కుటుంబాల పిల్లలు ఒకరి వీధిలోకి ఒకరిని రానిచ్చేవారు కాదు. 1896 ఏప్రిల్ 7న పుట్టిన బెంజమిన్ లైనర్ కొట్లాట నేర్చుకున్నది ఆ వీధుల్లోనే.

తల్లిదండ్రులు రష్యా నుంచి వచ్చిన యూదులు, మతనిష్ఠ గట్టిగా ఉన్నవాళ్లు. డబ్బు కోసం కొట్టుకోవడం వారి దృష్టిలో పరువు తక్కువ పని. అందుకే 1911లో, 15 ఏళ్లకే ప్రొఫెషనల్ బాక్సర్‌గా రింగులోకి దిగినప్పుడు అతను బెన్నీ లియొనార్డ్ అయ్యాడు. మొదటి పోటీలోనే ఓడిపోయాడు.

అప్పట్లో న్యూయార్క్‌లో పది రౌండ్లు ముగిశాక విజేతను ప్రకటించే అధికారం రిఫరీకి లేదు. నాకౌట్ చేస్తే తప్ప టైటిల్ చేతులు మారదు. లైట్‌వెయిట్ ఛాంపియన్ ఫ్రెడీ వెల్ష్‌కు ఈ నిబంధన బాగా కలిసొచ్చింది. 1916లో రెండుసార్లు వెల్ష్‌తో తలపడ్డా బెన్నీకి టైటిల్ దక్కలేదు. 1917 మే 28న మూడోసారి, తొమ్మిదో రౌండ్‌లో పని పూర్తిచేశాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు.

బలం కంటే బుర్రతో ఆడేవాడని పేరు. నున్నగా దువ్వుకున్న జుట్టు చెదరకుండా పోటీ ముగించడం అతని గర్వం. ఆ బుర్ర ఎలా పనిచేసేదో 1922 జులైలో జెర్సీ సిటీలో లూ టెండ్లర్‌తో జరిగిన పోటీ చూపించింది. టెండ్లర్ ఫిలడెల్ఫియాకు చెందిన ఎడమచేతి వాటం బాక్సర్, అతనూ యూదే. ఎనిమిదో రౌండ్‌లో అతని దెబ్బకు బెన్నీ కాళ్లు తడబడ్డాయి. ఇంకొక్కటి పడితే అయిపోయేదే. ఆ క్షణంలో బెన్నీ ఎదుటివాడితో మాట కలిపాడు. ఏమన్నాడనే దానిపై ఒక్కొక్కరిదీ ఒక్కో కథ! ఏదేమైనా టెండ్లర్ ఒక్క క్షణం ఆగాడు. బెన్నీకి అదే చాలింది. మరుసటి ఏడాది యాంకీ స్టేడియంలో 15 రౌండ్ల పోటీలో టెండ్లర్‌ను స్పష్టంగా ఓడించాడు.

మచ్చ లేదా అంటే ఉంది. టెండ్లర్ పోటీకి నెల ముందే వెల్టర్‌వెయిట్ టైటిల్ కోసం జాక్ బ్రిటన్‌తో తలపడ్డాడు. 13వ రౌండ్‌లో, బ్రిటన్ కిందపడి ఉండగానే కొట్టి అనర్హుడయ్యాడు. అంత చల్లని బుర్ర ఉన్నవాడు ఆ పని ఎందుకు చేశాడనే అనుమానం అతన్ని చివరిదాకా వదల్లేదు.

1925 జనవరిలో, తల్లి కోరిక మేరకు టైటిల్ వదిలేసి తప్పుకున్నాడు. ఏడేళ్లకు పైగా ఛాంపియన్‌గా ఉండి, ఓడిపోకుండా టైటిల్ విడిచినవాళ్లు బాక్సింగ్‌లో అరుదు. అక్కడితో ముగిస్తే అందమైన కథే అయ్యేది.

కానీ 1929లో వాల్‌స్ట్రీట్ కుప్పకూలినప్పుడు అతని డబ్బూ పోయింది. 1931లో, 35 ఏళ్ల వయసులో, పలచబడిన జుట్టుతో మళ్లీ గ్లవ్స్ తొడిగాడు. పేరున్న వాళ్లు కాని ప్రత్యర్థుల మీద గెలుస్తూ వచ్చాడు. 1932 అక్టోబర్ 7న యువకుడైన జిమ్మీ మెక్‌లార్నిన్ ఎదురయ్యాడు. ఆరో రౌండ్‌లో రిఫరీ పోటీ ఆపేశాడు. బెన్నీ మళ్లీ బాక్సర్‌గా రింగెక్కలేదు.

తర్వాత రిఫరీగా మారాడు. 1947 ఏప్రిల్ 18 రాత్రి న్యూయార్క్ సెయింట్ నికొలస్ అరీనాలో ఒక పోటీ నడిపిస్తూ రింగులోనే కుప్పకూలి మరణించాడు. అప్పటికి అతని వయసు 51.