ఆల్ఫ్రెడ్ వెర్నర్: మందు కాకముందే దాని ఆకృతిని చెప్పిన రసాయనవేత్త

క్యాన్సర్ చికిత్సలో దశాబ్దాలుగా వాడుతున్న సిస్‌ప్లాటిన్, ప్లాటినం లోహంతో కూడిన ఔషధం. అందులోని పరమాణువులు ఏ తీరున అమరి ఉన్నాయో తొలిసారి వివరించినవారు స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెర్నర్. ఆ పదార్థం మందుగా పనికివస్తుందని లోకానికి తెలియడానికి 70 ఏళ్లకు పైగా ముందే, 1893లో, ఆయన ఈ సంగతి చెప్పారు.

వెర్నర్ 1866 డిసెంబర్ 12న అల్సాస్ ప్రాంతంలోని మ్యులూజ్‌లో జన్మించారు. తండ్రి ఇనుప కర్మాగారంలో పనిచేసేవారు. వెర్నర్‌కు నాలుగేళ్ల వయసులో ఆ ప్రాంతం ఫ్రాన్స్ నుంచి జర్మనీ వశమైంది. ఉన్నత విద్యకు జ్యూరిక్ చేరిన ఆయన, నత్రజని సమ్మేళనాల త్రిమితీయ నిర్మాణంపై పరిశోధించి 1890లో డాక్టరేట్ పొందారు. గణితంలో అంతగా రాణించకపోయినా, ఆకృతులను మనసులోనే తిప్పి చూడగల శక్తి ఆయనకు అపారంగా ఉండేది.

ఆ రోజుల్లో కోబాల్ట్, ప్లాటినం లవణాలు రసాయనవేత్తలకు పెద్ద చిక్కుముడి. సంయోజకత లెక్క ప్రకారం ఇక బంధానికి తావులేని లోహాలు సైతం అమ్మోనియాను తమతో కలుపుకొనేవి. డెన్మార్క్ శాస్త్రవేత్త సోఫస్ యోర్గెన్సన్ ఆ అణువులు గొలుసులుగా పేర్చుకుంటాయని భావించారు. 1892 చివరిలో ఒక అర్ధరాత్రి వెర్నర్ మెలకువ వచ్చి లేచి, మదిలో మెదిలిన సమాధానాన్ని మరునాటి సాయంత్రం వరకు ఏకబిగిన రాశారని చెబుతారు. లోహం కేంద్రంగా, దాని చుట్టూ నిర్ణీత సంఖ్యలో అణువులు లేదా అయాన్లు, నిర్ణీత దిక్కులలో నిలుస్తాయన్నది ఆ సమాధానం. కోబాల్ట్ చుట్టూ ఆరు, ప్లాటినం చుట్టూ నాలుగు.

ప్లాటినం విషయంలో ఆయన తర్కం ఎంతో సరళం. 1840వ దశకంలో ఇటలీ శాస్త్రవేత్త మికేలే పేరోనే తయారుచేసిన లవణంలో ఒక ప్లాటినం, రెండు క్లోరిన్లు, రెండు అమ్మోనియాలు ఉన్నాయి. అవే భాగాలతో భిన్న గుణాలు గల మరో లవణం కూడా ఉంది. నాలుగు మూలలు గల పిరమిడ్ ఆకారంలో ఇటువంటి అమరిక ఒక్కటే సాధ్యం. చదునైన చతురస్రంలో రెండు సాధ్యం. క్లోరిన్లు రెండూ ఒకే ప్రక్కన ఉంటే సిస్, ఎదురెదురుగా ఉంటే ట్రాన్స్. అణువుల లోపలికి చూడగల ఎక్స్-కిరణ విధానాలు లేని కాలంలో, కేవలం రూపాల సంఖ్యను లెక్కించి ఆయన ఆకృతిని నిర్ణయించారు.

యువకుడి ఊహకు ప్రయోగ ఆధారం లేదన్న విమర్శ వచ్చింది. యోర్గెన్సన్‌తో వాదం ఏళ్ల తరబడి సాగింది. జ్యూరిక్ విశ్వవిద్యాలయ నేలమాళిగ ప్రయోగశాలల్లో విద్యార్థులతో కలిసి వెర్నర్ వందలాది సమ్మేళనాలు తయారుచేశారు. తన సిద్ధాంతం ఉండాలని చెప్పిన ఊదా రంగు లవణాన్ని 1907లో సాధించగా, యోర్గెన్సన్ ఓటమిని అంగీకరించారు. కుడి ఎడమ చేతుల వలె పరస్పర ప్రతిబింబాలైన కోబాల్ట్ రూపాలను 1911లో అమెరికన్ విద్యార్థి విక్టర్ కింగ్‌తో కలిసి వేరుచేశారు. 1913లో నోబెల్ బహుమతి వరించింది. కానీ ఆరోగ్యం త్వరలోనే క్షీణించింది. ధమనులు గట్టిపడే వ్యాధితో 1919 నవంబర్ 15న, 52 ఏళ్లకే కన్నుమూశారు.

1960వ దశకంలో అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బృందం, ప్లాటినం ఎలక్ట్రోడ్‌ల నుంచి వెలువడిన పదార్థాలు బ్యాక్టీరియా విభజనను ఆపుతున్నాయని గమనించింది. ఆ అన్వేషణ పేరోనే లవణం వద్దకే దారితీసింది. 1978లో అది అమెరికాలో క్యాన్సర్ ఔషధంగా ఆమోదం పొందింది. క్లోరిన్లు తొలగిన రెండు స్థానాలూ ఒకే ప్రక్కన ఉండడంతో ప్లాటినం డీఎన్ఏలోని ఇరుగుపొరుగు భాగాలను కలిపి పట్టుకుంటుంది. ట్రాన్స్ రూపం మందుగా అక్కరకు రాలేదు.

అయితే సిర ద్వారా ఎక్కించిన ప్లాటినం అంతా కణితిని చేరదు. రక్తంలోని ఆల్బుమిన్ వంటి ప్రోటీన్లలో గంధక పరమాణువులు ఉంటాయి. ప్లాటినానికి వాటిపై మక్కువ ఎక్కువ. కొద్ది గంటల్లోనే రక్తంలోని ప్లాటినంలో అధిక భాగం వాటితో బంధమై, కణితిపై పనిచేసే శక్తిని కోల్పోతుంది. తరువాత వచ్చిన కార్బోప్లాటిన్‌లో క్లోరిన్ల స్థానే మరింత గట్టిగా నిలిచే భాగం ఉన్నందున ఈ బంధం నెమ్మదిగా జరుగుతుంది. ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ ప్రోటీన్‌నే రుథీనియం మందులకు వాహనంగా మలచవచ్చా అన్న దిశలోనూ పరిశోధనలు సాగాయి.

లోహాన్ని ఏది, ఎంత గట్టిగా, ఏ ప్రక్కన పట్టుకుని ఉంది? రోగి రక్తంలో మందు భవితవ్యాన్ని తేల్చే ప్రశ్న ఇదే. వెర్నర్ వైద్యం కోసం వెతకలేదు; రంగురంగుల లవణాల చిక్కు విప్పడమే ఆయన లక్ష్యం. ఆ చిక్కు విడిపోవడం వల్లే ఈ ప్రశ్నను అడగడం సాధ్యమైంది.