పాఠం చెబుతుంటే మాట ఆగిపోయింది: ఇమామ్ గజాలీ మనోవ్యథ

బగ్దాద్‌లోని నిజామియా మదరసాలో 300 మందికి పాఠం చెప్పే ఉస్తాద్‌కు 1095లో నోట మాట రాకుండా పోయింది. ఆయనే ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి). అప్పటికి వయసు 37 ఏళ్లు. పేరు, పదవి, దర్బారులో గౌరవం... దేనికీ కొదవ లేదు.

గజాలీ 1058లో ఇరాన్‌లోని తూస్‌లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. తండ్రి స్నేహితుడైన ఒక సూఫీ ఆయన్ని, తమ్ముడు అహ్మద్‌ను పెంచారు. తండ్రి ఇచ్చిపోయిన డబ్బు అయిపోయాక, తిండికి లోటుండదని ఇద్దరినీ మదరసాలో చేరమన్నారు. తర్వాత గజాలీ నిషాపూర్ వెళ్లి ఇమామ్ జువైనీ దగ్గర చదువుకున్నారు. 1091లో సెల్జూక్ వజీర్ నిజాముల్ ముల్క్ ఆయన్ని బగ్దాద్ నిజామియాకు పెద్ద ఉస్తాద్‌గా నియమించారు.

అంత ఎత్తుకు చేరాక ఒక ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. తను చెప్పే ఈ చదువు అల్లాహ్ కోసమా, పేరు కోసమా? అన్నీ వదిలి వెళ్లిపోదామని పొద్దున అనుకుంటే సాయంత్రానికి మనసు మారేది. దాదాపు ఆరు నెలలు ఇలాగే నలిగిపోయారు. చివరికి నాలుక కదలలేదు. తిన్నది అరగలేదు, ఒంట్లో సత్తువ పోయింది. హకీములు చూశారు. జబ్బు మనసులో మొదలై ఒంట్లోకి దిగిందని, మనసు కుదుటపడితే తప్ప మందులు పనిచేయవని తేల్చేశారు.

ఆయన అల్లాహ్‌ను వేడుకున్నారు. కుటుంబానికి, పిల్లలకు సరిపడా ఉంచి మిగతా సొమ్ము పంచేశారు. అదే ఏడాది చివర్లో బగ్దాద్ వదిలారు. దమిష్క్ మసీదు మినార్‌లో రోజంతా ఒంటరిగా గడిపేవారు. అక్కడి నుంచి బైతుల్ మఖ్దిస్, ఆ తర్వాత హజ్. చివరికి పిల్లల మీద మమకారం ఇంటికి లాక్కొచ్చింది.

ఆ ఏళ్లలోనే ఇహ్యా ఉలూముద్దీన్ రాశారు. అందులో 40 భాగాలు. నమాజ్, రోజాలతో పాటు తిండి, సంపాదన, స్నేహం, కోపం, అసూయ, సబర్ అన్నీ ఉన్నాయి. ఒంటిని, మనసును, ఆత్మను విడదీసి చూడలేదాయన. హకీం రోగిని బట్టి మందు మార్చినట్టే, మనిషిని బట్టి మనసుకు చికిత్స మారాలన్నారు. ఎవరి లోపం వాళ్లకు కనపడదు కాబట్టి మంచి గురువో, నిజం చెప్పే స్నేహితుడో పక్కన ఉండాలన్నారు.

1106లో నిషాపూర్‌లో మళ్లీ పాఠాలు మొదలుపెట్టారు. మొదట పేరు తెచ్చే చదువు చెప్పానని, ఇప్పుడు పేరును వదిలించే చదువు చెబుతున్నానని ఆయన భావన. తన జబ్బు సంగతి దాచుకోకుండా అల్ మున్ఖిజ్ అనే పుస్తకంలో రాసుకున్నారు. 1111లో తూస్‌లోనే కన్నుమూశారు.

మనసు బాగోలేదంటే ఈమాన్ తక్కువైందనే మాట మన ఇళ్లలో ఇప్పటికీ వినపడుతుంది. ఆ భయంతోనే చాలామంది బయటికి చెప్పుకోరు. హుజ్జతుల్ ఇస్లాం అని పిలిపించుకున్న మనిషికే ఆ కష్టం వచ్చింది. ఆయన హకీములకు చూపించుకున్నారు, దువా కూడా చేశారు. ఒకటి చేస్తే రెండోది అక్కర్లేదని అనుకోలేదు. ఇప్పుడైతే ఇంట్లో కూర్చునే ఫోన్‌లో కౌన్సెలర్‌తో మాట్లాడొచ్చు. ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు.