గురు హరగోవిందుని ఖడ్గద్వయము – ఢాడీ గానము

సిక్కు గురుపరంపరలో ఆరవవాడైన హరగోవిందుడు క్రీ.శ. 1595లో అమృతసరము చెంతనున్న వడాలీ గ్రామమున జన్మించెను. తండ్రియైన అర్జునదేవుడు ఆదిగ్రంథమును సంకలనము చేయించి 1604లో హరిమందిరమున ప్రతిష్ఠించిన మహనీయుడు. జహంగీరు ఆజ్ఞచే 1606లో లాహోరున చిత్రహింసల పాలై ఆయన అసువులు బాసెను. అప్పటికి హరగోవిందుడు పదకొండేండ్ల బాలుడు.

పీఠమధిష్ఠించునపుడు ఆ బాలుడు రెండు ఖడ్గములు ధరించెనని సంప్రదాయము. ఒకటి ‘మీరీ’, అనగా లౌకికాధికారము. రెండవది ‘పీరీ’, అనగా ఆధ్యాత్మికాధికారము. అశ్వములను, ఆయుధములను కానుకలుగా తెండని శిష్యుల నాదేశించి, హరిమందిరమునకెదుట అకాల్ తఖ్తును నెలకొల్పెను. దీనిని చూచి నానకుని శాంతిమార్గము తప్పినదని తలచినవారు లేకపోలేదు. ఆ మాట విచారణకు నిలువదు. ఖడ్గము కీర్తనమును తొలగించి రాలేదు, దాని సరసన వచ్చి నిలిచినది.

ఇందుకు సాక్ష్యము ఢాడీ గానమే. అబ్దుల్లా, నత్థామల్లు అను గాయకులు అకాల్ తఖ్తు ముంగిట ‘వార్’ అను వీరగాథలను పాడుచుండిరి. ఒకరు సారంగిని, మరియొకరు ఢడ్డును వాయించెడివారు. ఢడ్డు మన బుడబుక్కను పోలిన చిన్న చర్మవాద్యము. మొగలు ప్రభుత్వమునెదిరించిన గురుని కొలువున ముసల్మాను గాయకుడు మాన్యుడగుట గమనింపదగినది. గ్రంథమున 22 వార్లుండగా, తొమ్మిదింటికి మాత్రము ఏ వీరగాథ ధోరణిలో పాడవలెనో సూచన కలదు. ఆ సూచనలు హరగోవిందుడు చేర్పించినవని సంప్రదాయము. అర్జునదేవుని నాటివేయని కొందరు పరిశోధకుల మతము. ఎవరివైనను, యుద్ధకథను మోసిన బాణీయే భగవత్స్తుతిని మోయుట ఇచటి విశేషము. చిత్రమేమనగా, గ్రంథమున హరగోవిందుని పదమొక్కటియు లేదు.

జహంగీరు ఆయనను గ్వాలియరు దుర్గమున బంధించెను. విడుదలైనపుడు తనతోపాటు 52 మంది రాజులను విడిపించెనని ప్రసిద్ధి. అందుచే ‘బందీఛోడ్’ అను బిరుదము. షాజహాను కాలమున 1634లో అమృతసరమునను, 1635లో కర్తార్‌పురమునను యుద్ధములు జరిగెను. కర్తార్‌పుర రణమున తాను పెంచిన పైందేఖానుడే శత్రుపక్షము చేరి తన చేతిలో కూలగా, గురుడు డాలుతో అతని మోమునకు నీడ పట్టెనని చెప్పుదురు. బియాసు తీరమున తన పేర వెలసిన హరగోవిందపురమున ముసల్మానులకు మసీదు కట్టించినదియు ఈ యోధుడే.

తుదకు కీరత్‌పురమునకు తరలి, 1644లో అచటనే దేహము చాలించెను. పీఠమెక్కిన మనుమడు హరిరాయడు తాత ఉంచిన 2,200 అశ్వికులను నిలుపుకొని, ఔషధశాలను కూడ నడిపెను. షాజహాను కుమారుడు దారాషికో రోగపీడితుడైనపుడు మందు పోయినది ఆ శాల నుండియేయని సంప్రదాయము.