పదిహేడు అంకెల రవ్వ

రాజధానిలో విలేఖరిగా ఉన్నవాడికి పెద్ద సంఖ్యలతో నిత్యమూ పనే. బడ్జెట్ పత్రాలలో లక్షల కోట్లు ఎన్నో చూశాను గాని, ఒక సంఖ్యను దాని అందం కోసం చూసిన సందర్భం లేదు. ఆ లోటు ఇటీవల సూరత్ వెళ్లినప్పుడు తీరింది. మహీధర్‌పురా వజ్రాల బజారులో దళారులు కాగితపు పొట్లాలు విప్పి, రవ్వలను అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. అంకెలను ఆ విధంగా తిప్పి చూసిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ నాకు జ్ఞాపకం వచ్చారు. ఆయన పుట్టిన దహాణు, సూరత్ నుంచి ముంబయి వెళ్లే రైలుమార్గంలోనే ఉన్నది.

1905 జనవరి 17న జన్మించిన కాప్రేకర్ ఎనిమిదవ ఏటనే తల్లిని కోల్పోయారు. తండ్రి గుమాస్తా; జ్యోతిషం మీద మక్కువ గలవారు. లెక్కల రుచి కుమారునికి ఆయన నుంచే అబ్బింది. పుణె ఫెర్గూసన్ కళాశాలలో చదువుతూ 1927లో రాంగ్లర్ పరాంజపే గణిత బహుమతి పొందారు. 1929లో పట్టభద్రులయ్యారు. అంతకు మించిన పట్టా లేదు. 1930 నుంచి 1962 వరకు నాసిక్ సమీపంలోని దేవలాలీలో బడిపంతులుగా పనిచేశారు.

నేటి డోంబివలీ స్టేషనుకు నాటి పేరు డెమ్లో. అక్కడ ఆయనకు స్ఫురించిన సంఖ్యలకు ఆ పేరే పెట్టారు. తొమ్మిది ఒకట్లను వరుసగా వేసి, 111111111ను దానితోనే గుణిస్తే 12345678987654321 వస్తుంది. ఎటునుంచి చదివినా ఒక్కటే. దాని అంకెలు కూడితే 81. ఆ 81తో సంఖ్యను భాగిస్తే శేషం మిగలదు. వచ్చే భాగఫలం 12345679కు వర్గం. ఈ విధంగా తన అంకెల మొత్తంతో భాగింపబడే సంఖ్యకు హర్షద సంఖ్య అని నామకరణం చేసినవారు కూడా ఆయనే. హర్షదమంటే ఆనందమిచ్చేది.

పండితులు పలువురు ఇవి పసిపిల్లల ఆటలని తేలికగా తీసివేశారు. ఆయన మాత్రం సొంత ఖర్చుతో సదస్సులకు వెళ్లారు. 1949లో మద్రాసు సదస్సులో 6174 విశేషం ప్రకటించారు. అన్నీ ఒకే అంకె కాని ఏ నాలుగంకెల సంఖ్యనైనా తీసుకొని, దాని అంకెలతో ఏర్పడే అతి పెద్ద సంఖ్య నుంచి అతి చిన్న సంఖ్యను తీసివేస్తూ పోతే, ఏడు విడతలకు మించకుండా 6174 వచ్చి తీరుతుంది. ఆయన పుట్టిన 1905తో ఆరంభిస్తే సరిగ్గా ఏడవ విడతకు వస్తుంది.

1966లో భార్య గతించారు. పింఛను చాలక, ట్యూషన్లు చెప్పుకొంటూ కాలం గడిపారు. 1975లో అమెరికన్ రచయిత మార్టిన్ గార్డ్‌నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఆయనను గురించి వ్రాసిన తరువాత గాని లోకం ఆయనను విస్తృతంగా గుర్తించలేదు. అప్పటికి ఆయన వయస్సు డెబ్భై. 1986లో కన్నుమూశారు.

బజారులో దళారి పొట్లం మడుస్తూ ఒక ధర చెప్పాడు. కాప్రేకర్ తన రవ్వలకు ధర అడగలేదు. చూసి ఆనందించేవారు దొరికితే చాలుననుకొన్నారు. అందుకే ఆయనకు దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. ఈసారి బడ్జెట్ పత్రం చేతికి వచ్చినప్పుడు దానిలోని అంకెలు కూడి చూడదలచాను. అన్ని కోట్లలో ఒక్కటైనా హర్షదం కాకపోతుందా!