పదిమంది సలహా... రాణి నిర్ణయం

పెళ్లి మాటెత్తితే సలహాలకి కొదవుండదు. పెళ్లికూతురు మహారాణి అయితే ఇక చెప్పాలా! ఇంగ్లండును 44 ఏళ్లకు పైగా ఏలిన మొదటి ఎలిజబెత్‌కి 1579లో ఆ చిక్కే వచ్చిపడింది.

అప్పటికామెకి 46 ఏళ్లు. వరుడు ఫ్రాన్సు రాజు తమ్ముడు, 24 ఏళ్ల ఆంజూ డ్యూక్. ఆగస్టులో స్వయంగా వచ్చి కలిసి వెళ్లాడు. ఆమెకీ నచ్చాడు.

అక్టోబరులో మంత్రులు రోజుల తరబడి తర్జనభర్జన పడ్డారు. చేసుకోమన్న వాళ్లలో పెద్దమంత్రి బర్లీ ఒకరు. స్పెయిన్ మీదికొస్తే ఫ్రాన్సు అండ ఉంటుంది, వారసుడూ పుట్టొచ్చు అని వాళ్ల ఆశ. లీస్టర్ లాంటి వాళ్లు వద్దన్నారు. వరుడు కేథలిక్కు, జనం ఒప్పుకోరు, ఈ వయసులో కాన్పంటే ప్రాణాలమీదికే అని వాళ్ల భయం. వద్దన్నవాళ్లే ఎక్కువమంది. కానీ ఎవరి మాటకీ పూచీ లేదు. చివరికి, మీ మనసులో మాటేమిటో చెప్పండి అని ఆమెనే అడిగారు. చేసుకోమంటారనుకున్న రాణి కన్నీళ్లు పెట్టుకుంది.

అయినా తొందరపడలేదు. ఒప్పందం రాయించింది, జనాన్ని ఒప్పించడానికి రెండు నెలల గడువూ పెట్టించింది. జనం మెత్తబడలేదు. డ్యూక్ 1581లో మళ్లీ వచ్చినా, 1582లో ఒంటరిగానే వెళ్లిపోయాడు.

సంబంధాన్ని ఆపితే మళ్లీ మాట్లాడుకోవచ్చు. పెళ్లయ్యాక వెనక్కి తీసుకోలేం. ఆగినందుకు మూల్యమూ ఉంది. 1603లో వారసులు లేకుండానే ఆమె కన్నుమూసింది, కిరీటం స్కాట్లండు రాజుకి వెళ్లింది. సలహా పదిమందిదైనా, ఫలితం మోసింది ఆమె ఒక్కతే.