డగ్లస్ హైడ్

అధికారము గల పదవిని నిర్వహించుట కష్టమని అందరు నెరుగుదురు. అధికారము మిక్కిలి తక్కువయై, గౌరవమే యెక్కువగా గల పదవిని నిర్వహించుట యంతకంటెను కష్టము. అట్టి పదవి నలంకరించువాడు ఏ పక్షమునకును చెందినవాడు కారాదు. అన్ని పక్షములవారికిని తమవాడుగా తోపవలెను. ఐర్లండు దేశమునకు మొదటి అధ్యక్షుడైన డగ్లస్ హైడ్ అట్టి మహనీయుడు.

హైడ్ 1860వ సంవత్సరము జనవరి 17వ తేదీన రాస్కామన్ కౌంటీలో జన్మించెను. తండ్రి ప్రొటెస్టంటు మతాచార్యుడు. చుట్టునున్న ప్రజలలో కాథలిక్కులే యెక్కువ. బాల్యమున అనారోగ్యము కారణముగా హైడ్ ఇంటియొద్దనే విద్య నభ్యసించెను. ఆ దినములలో ఐర్లండు ఇంగ్లీషువారి పాలనలో నుండెను. ప్రాచీనమైన ఐరిష్ భాష పేద రైతుల గుడిసెలలో మాత్రమే మిగిలియుండెను. చదువుకొన్నవారు దానిని మోటుభాషయని చిన్నచూపు చూచుచుండిరి. హైడ్ మాత్రము ఊరి వృద్ధులయొద్ద కూర్చుండి, వారి కథలను పాటలను విని, ఆ భాషను నేర్చుకొనెను.

పిదప ఆయన డబ్లిన్ నగరమందలి ట్రినిటీ కళాశాలలో చదివి, 1888లో న్యాయశాస్త్రమున డాక్టరు పట్టము నందెను. కాని ఆయన మనస్సు న్యాయవాదవృత్తిపై నిలువలేదు. పల్లెలలో సేకరించిన ప్రేమగీతములను 1893లో ప్రకటించెను. ఆ యేటనే మిత్రులతో కలిసి గేలిక్ లీగు అను సంస్థను స్థాపించి, దానికి అధ్యక్షుడయ్యెను. కొలదికాలములోనే వందలకొలది శాఖలు వెలసెను. కాథలిక్కులు, ప్రొటెస్టంట్లు, స్వరాజ్యవాదులు, వారి వ్యతిరేకులు ఒకే బల్లపై కూర్చుండి ఐరిష్ అక్షరములు దిద్దిరి. 1909లో హైడ్ డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలో ఐరిష్ భాషకు ఆచార్యుడయ్యెను.

ఇంతలో ఒక పరీక్ష వచ్చెను. లీగు రాజకీయ స్వాతంత్ర్యమును తన ఆశయముగా ప్రకటింపవలెనని పెక్కురు సభ్యులు పట్టుపట్టిరి. భాష ప్రజలందరి సొత్తనియు, దానిని ఒక పక్షమువారి జెండాగా చేసినచో తక్కినవారు దానికి దూరమగుదురనియు హైడ్ తలంచెను. 1915లో డండాక్ పట్టణమున జరిగిన మహాసభలో ఆ తీర్మానము నెగ్గెను. తాను ఇరువదిరెండేండ్లు వహించిన పదవిని హైడ్ విడిచిపెట్టెను. మరుసటి యేట డబ్లిన్‌లో తిరుగుబాటు చెలరేగెను. దాని నాయకులలో పలువురు లీగులో ఐరిష్ నేర్చినవారే.

దేశము స్వతంత్రమైన పిమ్మట ఐరిష్ వీరులే రెండు పక్షములై 1922, 1923 సంవత్సరములలో అంతర్యుద్ధము చేసికొనిరి. ఆ పగలు చల్లారకమునుపే 1937లో క్రొత్త రాజ్యాంగము వచ్చెను. మన రాజ్యాంగమందలి ఆదేశిక సూత్రములకు మాదిరియైన రాజ్యాంగ మిదియే. దీని ప్రకారము పరిపాలన ప్రధానమంత్రిది. అధ్యక్షుడు ఏడేండ్లకొకమారు ప్రజలచే ఎన్నుకొనబడు గౌరవస్థానీయుడు.

ఈ పదవినిగూర్చి దేశమంతట వాదోపవాదములు చెలరేగెను. ప్రధానియైన డీ వలేరా దీనిని తానే చేపట్టి నియంతయగునేమోయని కొందరు భయపడిరి. పని లేని పదవికి ఇంత వ్యయమేలయని మరికొందరు ప్రశ్నించిరి. డబ్లిన్ నగర మేయరైన ఆల్ఫీ బర్న్ పేరును, మంత్రి షాన్ ఓ కెల్లీ పేరును వినవచ్చెను. పక్షముల పోరులో ఎవరు గెలిచినను ఓడినవారు ఆయనను తమ అధ్యక్షునిగా భావింపరు. తుదకు 1938 ఏప్రిల్ మాసమున ఇరుపక్షముల నాయకులును ఒక పేరును అంగీకరించిరి. ఆ పేరు హైడ్‌ది. అప్పటికి ఆయన డెబ్బదియెనిమిదేండ్ల వృద్ధుడు. ఉద్యోగము విరమించి స్వగ్రామప్రాంతమున కాలము గడుపుచుండెను. పోటీ లేకయే ఆయన ఎన్నికయ్యెను.

ఆ సంవత్సరము జూన్ 25వ తేదీన డబ్లిన్ కోటలో హైడ్ ప్రమాణస్వీకారము చేసెను. శతాబ్దములుగా ఇంగ్లీషు ప్రభుత్వమునకు నిలయమైన ఆ కోటలో ఆయన పలికినది ఐరిష్ భాష. కాథలిక్కులు అధికసంఖ్యాకులైన దేశమున ప్రొటెస్టంటు అధ్యక్షుడగుట అల్పసంఖ్యాకులకు గొప్ప ధైర్యము నిచ్చెను.

అందరివాడుగా నుండుటకు ఆయన మూల్యము చెల్లింపవలసివచ్చెను. 1938 నవంబరులో పోలెండు జట్టుతో జరిగిన ఫుట్‌బాలు పందెమును చూచుటకు అధ్యక్షహోదాలో వెళ్లెను. ఆ యాట విదేశీయమని గేలిక్ క్రీడాసంఘము ఆయనను తన పోషకుల పట్టికనుండి తొలగించెను. దేశీయ క్రీడలను మన్నింపుడని దశాబ్దములు బోధించినవానికి జరిగిన సత్కార మది! ఆ క్రీడాసంఘపు నిషేధము 1971లో గాని తొలగలేదు.

1940లో పక్షవాతము సోకి హైడ్ చక్రముల కుర్చీకి పరిమితుడయ్యెను. అయినను కర్తవ్యమును విడువలేదు. పిల్లల బడిహాజరునుగూర్చిన ఒక బిల్లుపై సంతకము చేయక, దానిని సుప్రీంకోర్టు పరిశీలనకు పంపెను. అది రాజ్యాంగవిరుద్ధమని 1943లో న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. పదవి అలంకారప్రాయమైనను, ఉన్న కొలది అధికారమును విచక్షణతో వినియోగించెను.

1945లో పదవీకాలము ముగిసెను. 1949 జులై 12వ తేదీన హైడ్ కన్నుమూసెను. డబ్లిన్‌లోని ప్రొటెస్టంటు దేవాలయమున అంత్యప్రార్థనలు జరుగుచుండగా, కాథలిక్కులైన మంత్రులు తమ మతనియమమునుబట్టి లోనికి పోజాలక వెలుపల కారులలో వేచియుండిరి. దేశమునంతటిని ఒక్క భాష నీడను చేర్పగోరినవాని తుదియాత్రలో సైతము గోడలు మిగిలియుండెను.

1915లో హైడ్ పక్షముకొరకు తన నియమమును విడువక పదవిని విడిచెను. ఆ త్యాగమే ఇరువదిమూడేండ్ల తరువాత ఆయనను అన్ని పక్షములకును ఆమోదయోగ్యునిగా చేసెను. పదవి ఆయనను వెదకికొనుచు వచ్చెను గాని, ఆయన దానిని వెదకికొనుచు పోలేదు.